సంచిలో చెయ్యి పెట్టి చెప్పు

ఆయన చనిపోయిన వార్త మా జిల్లా పేజీలో రాలేదు. ఎల్లారెడ్డి ఊరి విలేకరి నాలుగు లైన్లు రాసి పంపాడు. "స్టౌలు బాగుచేసే వృద్ధుడు మృతి" అని శీర్షిక పెట్టాడు. పేజీ కట్టే వేళకు చీరల దుకాణం ప్రకటన ఒకటి వచ్చి పడటంతో అడుగున ఉన్న రెండు వార్తలు ఎగిరిపోయాయి. అందులో ఇదొకటి. డెస్కులో ఇది రోజూ జరిగేదే. అలా కోసిన వార్తలు నా చేతి మీదుగానూ చాలానే పోయాయి కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. అయితే ఆ శీర్షిక అచ్చయినా సగమే నిజమయ్యేది. ఆయన స్టౌలు బాగుచేసిన మాట నిజమే. కానీ ఆయన చేతిలో బాగుపడ్డవి స్టౌలు మాత్రమే కావు.

పేరు రాయడం లేదు. రాసినా లాభం లేదు. ఎల్లారెడ్డిలో ఆ పేరు చెప్పి ఇల్లు అడిగితే నలుగురిలో ముగ్గురు తెలియదంటారు. స్టోర్ చాచా అని అడిగితే బస్సు దిగినవాణ్ణి చెయ్యి పట్టుకుని దుకాణం దాకా తీసుకుపోతారు.

నేను మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్ళింది 2009లో. గల్ఫ్ వెళ్ళేవాళ్ళ మీద ఒక కథనం కావాలని ఆఫీసు అడిగింది. మా వైపు ఎవరు ఏ అరబ్బు దేశం పోయినా "దుబాయ్ పోయిండు" అనే అంటారు. అట్లా పోబోయేవాళ్ళు ఎక్కడ దొరుకుతారని బస్టాండు ముందు చాయ్ దుకాణంలో అడిగితే, ఎదురుగా ఉన్న స్టౌల దుకాణం చూపించారు. బయటి నుంచి చూస్తే రెండు గజాల వెడల్పు కూడా లేదు. కుక్కర్లు, స్టౌలు, తుప్పు పట్టిన తాళాలు. లోపలికి పోతే దుకాణం ఎడమకు తిరిగి పొడుగాటి గది అవుతుంది. గది చివర ఒక పాత దుప్పటి పర్దా, దాని వెనక ఇల్లు. ముందు గిరాకీ, పక్కన క్లాసు. రెండూ కనిపించేలా ఆ మూల మీద ఒక స్టూలు వేసుకుని ఆయన కూర్చునేవాడు. కొత్తగా వచ్చినవాడికి మొదటి పాఠం ఆ దుకాణమే. "ఎల్-షేప్డ్. నువ్వు దేంట్ల కూసున్నవో ముందు గది నేర్చుకో" అనేవాడు.

ఆ రోజు చాప మీద ఆరుగురు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. నడుమ ఒక గోనె సంచి. ఒకతను మోచేతి దాకా చెయ్యి అందులో పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. ఇదేదో మంత్రాల వ్యవహారం అనుకున్నాను.

"ఏం దొరికింది?" అన్నాడు స్టూలు మీది మనిషి.

"గదే చాచా... గా..."

"గది అనే సామాను ఏ దుకాన్ల దొరకది. ఎట్లున్నదో చెప్పు."

"కోడిగుడ్డు లెక్కున్నది."

"సైజా, షకలా?"

"షకలే. సైజు జర పెద్దగున్నది. ఒక దిక్కు సన్నగయింది."

"ఇంగ్లీషుల?"

"ఎగ్... ఎగ్-షేప్డ్."

"తియ్యి బయటికి."

బయటికి వచ్చింది మంజీర ఒడ్డున దొరికే నున్నటి రాయి. ఆయన దాన్ని అందుకుని, వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, ఒక చుట్టు తిప్పి, మళ్ళీ సంచిలో వేశాడు. శభాష్ అనలేదు. నెత్తిమీది తెల్లటోపీని రెండు వేళ్ళ మందం వెనక్కి జరిపాడు. ఆ మనిషి దగ్గర దొరికే మెప్పు అంతేనని తరువాత తెలిసింది. ఆ రెండు వేళ్ళ మందం కోసం నలభై ఏళ్ళ మేస్త్రీలు కూడా చాప మీద చిన్నపిల్లల్లా ముందుకు జరిగేవారు.

చదువు ఆయనకు ఉర్దూలో నాలుగో తరగతి. ఇంగ్లీషు మస్కట్‌లో వచ్చింది. ఆ సంగతి ఆయన ప్రతి కొత్త జట్టుకూ చెప్పేవాడు, నేను నాలుగైదుసార్లు విన్నాను. మొదటిసారి కూలీగా పోయినప్పుడు ఫోర్‌మన్ ఏదో తెమ్మని సామాన్లు దాచే స్టోర్‌కు పంపాడట. పేరు చెప్పాడు. దారిలో ఆ పేరు జారిపోయింది. స్టోర్ కిటికీ ముందు నిలబడి నోరు తెరిస్తే ఏమీ రాలేదు. ఉత్తచేతులతో వెనక్కి పోతే తిట్టి మళ్ళీ పంపారు. అలా మూడుసార్లు, నడినెత్తిన ఎండలో. మూడోసారి స్టోర్ చూసే మలయాళీ ముసలాయన కిటికీలోంచి తల బయటపెట్టి, "నామ్ నహీ మాలూమ్ తో షకల్ బోల్" అన్నాడు. పేరు తెలియకపోతే రూపం చెప్పమని. ఈయన ఇసుకలో కూర్చుని వేలితో గీశాడు. "కిడ్నీ-షేప్డ్" అన్నాడు ముసలాయన, నవ్వి, ఆ రూపంలో ఉన్న మూత ఒకటి తీసి ఇచ్చాడు.

"ఆ దినం నాకు చాబీ దొరికింది" అని చెప్పేవాడు చాచా. "దునియల ఎన్ని సామాన్లున్నయో అన్ని పేర్లు ఎవనికి వస్తయి? ఇంజనీరుకు గుడ రావు. గని ప్రతి దానికి ఒక షకల్ ఉంటది. గా షకల్ నీ ఇంట్ల ఏదో ఒక సామానుకు ఉండనే ఉంటది. ముందుగాల నీ ఇంట్ల సామాను పేరు పెట్టు, దాని పక్కకు షేప్డ్ అను. ఐపోయింది."

ఏడాది తిరిగేసరికి ఆయన్ని కిటికీ లోపలికి తీసుకున్నారు. పద్నాలుగేళ్ళు లోపలే ఉన్నాడు. తిరిగొచ్చి, స్టౌల దుకాణం పెట్టుకుని, మధ్యాహ్నం గిరాకీ లేని వేళ, గల్ఫ్‌లో స్టోర్ పనికి పోయేవాళ్ళ కోసం ఈ సంచి పని మొదలుపెట్టాడు.

పైసలు పుచ్చుకోలేదు. ఫీజు ఏమిటంటే ప్రతి ఒక్కరూ ఇంట్లోంచి ఒక వస్తువు తేవాలి. అది సంచిలో పడాలి. తెచ్చినవాడికి దాని రూపం చెప్పడం రావాలి. అట్లా ఆ సంచిలోకి రోకలి పొన్ను చేరింది, కవ్వం తల చేరింది, గాజుల మలారం చెక్క, మూతపోయిన సుర్మా బరిణె, ఎక్కడిదో ఇత్తడి తామరమొగ్గ. బీర్కూర్ నుంచి వచ్చినతను పగిలిన జల్లెడ చుట్టు తెచ్చాడు. బిచ్కుంద అతను వస్తువును తడుముతూ ముందు మరాఠీలో చెప్పేవాడు, తరువాత తెలుగులో, చివరికి ఇంగ్లీషులో. మిగతావాళ్ళు నవ్వితే చాచా కసిరేవాడు. "నవ్వుతరేంది? వాడు మూడు దుకాన్లు తిరిగి సౌదా తెస్తుండు. మీరు ఒక్క దుకాన్లనే తప్పిపోతుండ్రు."

షేప్డ్ ఒక కట్ట. దాని తరువాత రెండో కట్ట ఉండేది. రౌండ్-హెడెడ్, లాంగ్-నెక్డ్, వైడ్-మౌత్డ్, ఫ్లాట్-బాటమ్డ్, షార్ప్-ఎడ్జ్డ్. "సామానుకు తల ఉంటది, మెడ ఉంటది, నోరుంటది, అడుగుంటది. మనిషికి ఉన్నయన్ని ఉంటయి. సిగ్గొక్కటే ఉండది. మీకు గదే ఎక్కువున్నది" అనేవాడు.

ఒకసారి నేనున్నప్పుడే ఒక అవ్వ కుక్కర్ పట్టుకుని వచ్చింది. "నాయనా, దీని నెత్తిమీద టోపీ లెక్కది ఏడనో పడిపోయింది. కూత పెడ్తలేదు" అంది. ఆయన స్టూలు మీంచి దాదాపు లేచి నిలబడ్డాడు. లోపలివాళ్ళ వైపు తిరిగి, "విన్నరా? గది పోయింది, గిది పోయింది అనలే. టోపీ లెక్కది అన్నది. క్యాప్-షేప్డ్! అవ్వా, నువ్వు దుబాయ్ పోతవా? నిన్ను రేపే తోలిస్త" అన్నాడు.

"నేనెందుకు పోత? నా పప్పు ఉడకాలె ముందుగాల" అంది అవ్వ. పెట్టి ఇచ్చిన కొత్త విజిల్ వెయిట్‌కు ఆమె దగ్గర ఆయన ఏమీ తీసుకోలేదు.

మనుషుల మీద మాత్రం ఆ మాటలు వాడనిచ్చేవాడు కాదు. వాడితే శిక్ష, ఆ రోజంతా సంచి ఒడిలో పెట్టుకుని కూర్చోవాలి. పాతిక కిలోలకు తక్కువుండదు. అయినా ఒక చిలిపివాడు ఆయన పొట్ట చూపించి పక్కవాడితో "కుండ లెక్కున్నది" అని గొణిగాడు. ఆయన విన్నాడు.

"ఇంగ్లీషుల?"

"చాచా, తప్పయింది..."

"తప్పు తర్వాత. ఇంగ్లీషుల?"

"పాట్-షేప్డ్."

"కరెక్టు" అని టోపీ వెనక్కి జరిపాడు. "ఇగ సంచి ఒళ్ళె పెట్టుకో."

పర్దా వెనక ఎవరో నవ్వును నోట్లోనే నొక్కుకున్న చప్పుడు. ఆయన భార్య, చాచీ అన్నమాట. నేను ఆమె మొహం ఎప్పుడూ చూడలేదు. కానీ క్లాసు జరిగినంతసేపూ ఆమె ఆ పర్దా అవతలే బియ్యం ఏరుతూ ఉండేది. చేట చప్పుడు ఆగిందంటే చాప మీద ఎవరో తప్పు చెప్పారని అర్థం.

ఇక సాయిలు సంగతి. చాచాను తలచుకుంటే సాయిలు లేకుండా కుదరదు.

2011 చివర్లో వచ్చాడు. లింగంపేట దాటాక లోపలికి పోయే పల్లె. వయసు ముప్పై అయిదు. అప్పటికే ఒకసారి గల్ఫ్ పోయి, పరంజా మీంచి పడి, నడుము చెడగొట్టుకుని తిరిగొచ్చాడు. బరువెత్తొద్దని డాక్టర్లు చెప్పారు. ఇంటి దగ్గర రెండు బోర్లూ ఎండాయి, ఎద్దులు అమ్ముడుపోయాయి. కామారెడ్డిలో వచ్చే ఎండాకాలం ఒక గల్ఫ్ కంపెనీ స్టోర్ హెల్పర్లను తీసుకుంటుందని విని వచ్చాడు.

"ఎండల ఇటుకలు మోసుడు ఇగ నాతోని కాదు చాచా" అన్నాడు మొదటిరోజే. "నీడకు నిలవడి చేసే స్టోర్ పని దొరికితే పోత. దొరకకుంటే నా పని ఐపోయినట్టే."

"ఏం తెచ్చినవ్?" అన్నాడు చాచా.

సాయిలు ఎద్దు మెడగంట తీశాడు. "బెల్-షేప్డ్" అన్నాడు ముందే నేర్చుకుని వచ్చినట్టు.

"గంటను గంట లెక్కున్నది అంటే ఏం చెప్పినట్టు? వాపస్ తీస్కపో. రేపు ఇంకోటి తే."

మరునాడు ఒక ఇనుప ముక్క తెచ్చాడు. అరచేతిలో సగం ఉంటుంది, నెలవంకలా వంగి. చాచా అటూ ఇటూ తిప్పి, "ఇది ఇరిగింది కదా. తక్కిన సగమేది?" అన్నాడు.

"ఇరగలె చాచా. పుట్టుడే గింత."

"నాడ కాదా ఇది? నాడ గిట్ల ఉంటది కదా" అని చాచా గాలిలో గుర్రపు నాడా గీశాడు.

"గది గుర్రానిది. ఎద్దు డెక్కకు రెండు చీలికలుంటయి. ఒక్కొక్క చీలికకు ఒక్కొక్క ముక్క కొడ్తరు. సగమే ఉంటది. అంచు ముట్టి చూడు, ఎంత నున్నగున్నదో. ఇరిగితే గిట్లుంటదా?"

చాచా కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలితో ఆ అంచును ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా రాసి చూశాడు. చేట చప్పుడు ఆగింది. టోపీ వెనక్కి పోయింది, రెండు వేళ్ళు కాదు, నాలుగు వేళ్ళ మందం.

"పద్నాలుగేండ్లు స్టోర్ల చేసిన. ఈ ముక్క నాకు ఎవడూ చెప్పలె" అన్నాడు. తరువాత అందరినీ చూసి, "ఇయ్యాల్టి సంది కొత్త సబక్. సామాను చేతికొస్తే షకల్ చెప్పుడు కాదు, అంచును అడుగు. పుట్టిన అంచు నున్నగుంటది. ఇరిగిన అంచు కర్రుమంటది. హాఫ్-మూన్-షేప్డ్ వేరు, ఇరిగిన సామాను వేరు" అన్నాడు.

శిష్యుడు చెప్పినదాన్ని అదే నిమిషంలో పాఠం చేసుకుని, ఇది సాయిలు నేర్పిన పాఠం అని పేరు పెట్టి చెప్పిన మాస్టర్లను నేను ఎక్కువమందిని చూడలేదు. ఆ నాడా సంచిలో పడింది. అయిదు నెలలపాటు సాయిలు రోజూ బస్సులో వచ్చి ఆ సంచిలో చెయ్యి పెట్టాడు. చివరికి వస్తువు తగలగానే మాట వచ్చేది. కళ్ళు వాటంతట అవే మూసుకుపోయేవి.

కష్టమంతా అక్కడే వచ్చింది.

2012 ఎండాకాలంలో, కామారెడ్డిలో రైల్వేస్టేషన్ వైపు ఒక ఫంక్షన్ హాలు కిరాయికి తీసుకుని ఆ కంపెనీవాళ్ళు రెండు రోజులు పరీక్ష పెట్టారు. వార్త కోసం నేనూ పోయాను. హాలు మధ్యలో పొడుగాటి బల్ల, దాని మీద దుప్పటి పరిచి ఇనుప సామాన్లు. ఒక పక్క బొంబాయి నుంచి వచ్చిన ఇంజనీరు, జుట్టు నెరిసిన మనిషి, చాయ్ తాగుతూ కాగితాలు చూసుకుంటున్నాడు. పరీక్ష నడుపుతున్నది స్థానిక ఏజెంటు. ఒక్కొక్కరినీ పిలిచి, పుల్లతో ఒక వస్తువు చూపించి, ఏమిటో చెప్పమనేవాడు.

సాయిలు వంతు వచ్చింది. ఏజెంటు పుల్లతో ఒక బోల్టు చూపించాడు. సాయిలు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఏందయ్యా, ఏమాయె?"

సాయిలు కళ్ళు మూసుకునే వేళ్ళతో బోల్టు మెడ తడుముతున్నాడు.

"అరె, నీకు కండ్లు కనవడయా? గుడ్డోన్ని ఎవడు తోలిండు స్టోర్‌కు?"

వెనక వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. సాయిలు కళ్ళు తెరిచాడు. తెరిచాక, ఆ నవ్వు విన్నాక, నోట్లోంచి మాట రాలేదు. ఏజెంటు కాగితం మీద ఏదో గీసి పక్కన పడేశాడు. "చూపు తక్కువున్నది. లేబర్‌ల పోతే పో, కండ్ల డాక్టర్ చీటీ పట్టుకరా. నెక్స్ట్!"

అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బయట మెట్ల మీద సాయిలు కూర్చుని తన చేతులు తానే చూసుకుంటున్నాడు. నేను చాచాకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.

"వాడు తన చెయ్యి ఇంక సంచిలనే ఉన్నదనుకున్నడు" అన్నాడు. "నేను బల్ల మీద నేర్పలె."

మరునాడు పొద్దున మొదటి బస్సుకే దిగాడు. ఇస్త్రీ చేసిన లాల్చీ, తెల్లటోపీ, భుజం మీద ఆ పాతిక కిలోల సంచి. మెట్లెక్కుతుంటే ఏజెంటు అడ్డం వచ్చాడు.

"ఏం అమ్మనీకె వచ్చినవ్ ముసలాయనా? ఇది అంగడి కాదు."

"అమ్మనీకె రాలె బేటా. మాఫీ అడుగనీకె వచ్చిన."

"ఎవర్ని?"

"నిన్న నువ్వు గుడ్డోడని రాసినవే, వాన్ని. తర్వాత మీ సాబ్‌ను."

గొంతు పెంచలేదు. దారి కూడా వదల్లేదు. ఆ సంచి చూసి ఇంజనీరే లేచి వచ్చాడు. చాచా ఆయనతో హిందీలో మాట్లాడాడు. తప్పు సాయిలుది కాదని, తనదని చెప్పాడు. తాను సంచిలో చెయ్యి పెట్టించి నేర్పానని, అందుకే వాడి కళ్ళు మూసుకున్నాయని చెప్పాడు. "వాని కండ్లకు ఏం కాలేదు సాబ్. నా దిమాగు తక్కువైంది. ఒక్కసారి వాని చేతులను అడుగుండ్రి. కండ్లను తర్వాత అడుగుండ్రి."

ఇంజనీరు సంచి మూతి విప్పి లోపలికి చూశాడు. తరువాత తన చెయ్యి పెట్టాడు. కాసేపు తడిమి, ఏదో చెప్పబోయి, ఆగి, బయటికి తీశాడు. సుర్మా బరిణె. ఆయనకు పేరు తెలియలేదు. నవ్వాడు. సాయిలును పిలిచి, గోడ వైపు తిరిగి నిలబడమన్నాడు. చేతులు వెనక్కి పెట్టమన్నాడు.

బల్ల మీంచి నిన్నటి బోల్టునే తీసి ఆ చేతుల్లో పెట్టాడు.

"రౌండ్-హెడెడ్ సర్. స్క్వేర్-నెక్డ్. చెక్కల కొట్టేది."

రెండోది.

"యూ-షేప్డ్. బోత్ సైడ్ చూడీ ఉన్నది, నట్టు తిప్పే మర. పైపు పట్టుకునేది."

మూడోది చిన్న నట్టు, రెండు రెక్కలున్నది.

"బటర్‌ఫ్లై-షేప్డ్ సర్."

వరుసలో ఎవరూ నవ్వడం లేదు. ఇంజనీరు బల్ల కిందికి వంగాడు. సామాన్లు తెచ్చిన పెట్టె అడుగున ఏదో వెతికి, ఒక ముక్క తీసి, ఆ అరచేతిలో పెట్టాడు. దూరం నుంచి నాకు అది నెలవంకలా కనిపించింది. నాడాలాగే. హమ్మయ్య అనుకున్నాను, ఇది వాడు తెచ్చిన ఫీజే.

సాయిలు వేళ్ళు కదులుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ కదులుతున్నాయి. ఏజెంటు గడియారం చూసుకున్నాడు. హాఫ్-మూన్-షేప్డ్ అంటే అయిపోతుంది, ఎందుకు అనడం లేదు? చాచా వైపు చూశాను. ఆయన రెండు చేతులతో సంచి మూతి బిగపట్టుకుని, తానూ కళ్ళు మూసుకుని ఉన్నాడు. సాయిలు బొటనవేలు ఆ ముక్క అంచు మీద ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా పోయింది.

"నేమ్ ఐ డోంట్ నో సర్" అన్నాడు గోడతో. "హాఫ్-మూన్-షేప్డ్... నో సర్. నాట్ హాఫ్-మూన్. బ్రోకెన్." ఒక్క ఊపిరి తీసుకుని, "ఫుల్ రౌండ్-షేప్డ్ బిఫోర్" అన్నాడు.

అది సగానికి విరిగిన వాషరు.

ఇంజనీరు ఏజెంటును నిన్నటి కాగితం తియ్యమన్నాడు. తనే చింపాడు. కొత్త కాగితం మీద తనే రాశాడు. సాయిలు ఈ వైపు తిరిగేసరికి చాచా టోపీ నెత్తి వెనక్కి ఎంత జారిందంటే, ఇంకొంచెం అయితే కింద పడేది. వాషరు ముక్క సాయిలు గుప్పిట్లోనే ఉండిపోయింది. దాన్ని తిరిగివ్వమని ఎవరూ అడగలేదు.

బస్సులో నేనూ వాళ్ళతో ఎక్కాను. చాచా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు, సాయిలుతో ఒక్క మాట లేదు. లింగంపేట దగ్గర కండక్టరు టికెట్లకు వచ్చాడు.

"మూడు ఎల్లారెడ్డి" అన్నాడు చాచా. అని, ఉండబట్టలేక, "ఇగో, ఈయన ఉన్నడు చూడు. ఇయ్యాల బొంబాయి ఇంజనీరుతోని ఏమన్నడో ఎర్కనా? ఫుల్ రౌండ్-షేప్డ్ బిఫోర్ అన్నడు!"

"అంటే ఏంది చాచా?"

"నీకు సమజ్ కాదు. టికెట్ కొట్టు."

ఆ రోజు నుంచి రెండేళ్ళు, ఆ మాట వినని మనిషి ఎల్లారెడ్డిలో లేడు. స్టౌ తెచ్చిన గిరాకీకి చెప్పాడు, మసీదు మెట్ల మీద చెప్పాడు, కూరగాయలామెకు సొరకాయ బేరం మధ్యలో చెప్పాడు. బస్టాండు ముందు ఆటోవాళ్ళు ఆయన వస్తుంటే వాళ్ళే ముందుగా అరిచేవారు: "చాచా, ఫుల్ రౌండ్-షేప్డ్ బిఫోర్!" ఆయనకు అది వెక్కిరింతగా ఎన్నడూ అనిపించలేదు. టోపీ సర్దుకుని సలాం చేసేవాడు.

అయితే గొప్ప చెప్పుకున్న ప్రతిసారీ తన తప్పు కూడా చెప్పేవాడు. కొత్త జట్టు చాప మీద కూర్చోగానే మొదటి మాట అదే. "నా గలతి తోని ఒకని నౌకరీ పోబట్టె. నా లెక్క మీరు గలతి చెయ్యొద్దు." చివరి వారం రోజులు సంచి మూతి కట్టేసి, బల్ల వేసి, సామాన్లు పరిచి, ఎవరైనా కళ్ళు మూస్తే కణుపుతో నెత్తిమీద తట్టేవాడు. "తెరువు! అల్లా ఇచ్చిండు, వాడుకో!"

తెలంగాణ వచ్చిన ఏడాది వానాకాలంలో పోయాడు. మూడు రోజుల జ్వరం. ఖబరస్తాన్‌కు ఎంతమంది వచ్చారో లెక్కపెట్టలేదు కానీ, బస్టాండు నుంచి ఆటోలు ఆ పూట తిరగలేదు. సెలవుల మీద ఇంటికొచ్చి ఉన్నవాళ్ళు తొమ్మిదిమందో పదిమందో, ఒకరికొకరు తెలియనివాళ్ళు, ఒకే వరుసలో నిలబడ్డారు. అంతా స్టోర్లలో పనిచేసేవాళ్ళే.

సాయిలుకు సెలవు దొరికి వచ్చేసరికి నెల దాటింది. నన్ను తోడు రమ్మన్నాడు. దుకాణం తలుపు సగం తీసి ఉంది. స్టూలు అక్కడే ఉంది. గోడకు మేకు మీద టోపీ వేలాడుతోంది. పర్దా అవతల చాచీ ఉంది. భర్త పోయాక పాటించే ఇద్దత్ రోజులు కాబట్టి ఆమె బయటి మగవాళ్ళ ముందుకు రాదు. మేము ఇవతల చాప మీద కూర్చున్నాం. సంచి మధ్యలోనే ఉంది, ఆయన ఎక్కడ పెట్టాడో అక్కడే.

"సాయిలువేనా?" అంది చాచీ.

"అవు చాచీ."

"నడుము ఎట్లున్నది?"

"మంచిగున్నది. నీడకే ఉంటున్న. ఇప్పుడు నా కింద ముగ్గురున్నరు."

"పోయేముందు మీ చాచా చెప్పిండు" అంది చాచీ. "ఎవరిది వాళ్ళు తీస్కపోవచ్చని. వచ్చినోళ్ళు ఒక్కరు తీస్కపోలె. నీ నాడ తీస్కపో బిడ్డా. నీ ఎద్దుది."

సాయిలు సంచిలోకి చెయ్యి పెట్టాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, టోపీ వైపు చూస్తున్నాయి. ఇనుము, ఇత్తడి, చెక్క కదిలిన చప్పుడు. చెయ్యి ఒకచోట ఆగింది. దొరికిందని మొహం చూస్తే తెలిసింది. బొటనవేలితో ఆ నున్నటి అంచును రాసి, వదిలేసి, ఉత్తచెయ్యి బయటికి తీశాడు.

"ఇక్కడనే ఉండనీ చాచీ. చాచా సామాన్ల నడుమ ఉండనీ."

తరువాత జేబులోంచి పర్సు తీశాడు. పర్సు లోపలి అరలోంచి ఒక ముక్క తీసి సంచిలో వేశాడు. చిన్నగా ఇనుము మీద ఇనుము పడిన చప్పుడయింది.

"ఏం ఏసినవ్?" అంది చాచీ.

"నువ్వే చూడు చాచీ."

సంచిని రెండు చేతులతో పర్దా కిందికి జరిపాడు. పర్దా అంచు కొంచెం లేచింది, సంచి సగం అటువైపు పోయింది. చాలాసేపు లోపల వెతుకుతున్న చప్పుడు. రాళ్ళు, గాజుల చెక్క, రోకలి పొన్ను ఒక్కొక్కటే తప్పుకుంటున్నాయి. తరువాత ఆ చప్పుడు ఆగింది. ఏదో ఆమె వేళ్ళ మధ్యకు వచ్చిందని, దాని అంచును ఆమె అడుగుతున్నదని మాకు తెలుస్తూనే ఉంది.

"ఇరిగింది" అంది.

సాయిలు చాప మీద పర్దా వైపు ముందుకు జరిగాడు.

పర్దా అవతలి నుంచి, ఆయన గొంతులో ఎన్నిసార్లు విన్నదో, ఒక్క అక్షరం తొట్రుపడకుండా అంది:

"ఫుల్ రౌండ్-షేప్డ్ బిఫోర్."